ఎజ్రా విల్లు, నా బాణాలు

మా కోడలు అరుణజ్యోతి మా ఇంటికి వచ్చిన రోజు ఆటోలోంచి రెండు సూట్‌కేసులు, ఒక కుట్టుమిషను, ఒక పొడుగాటి గుడ్డసంచి, ఆ సంచిని పట్టుకుని ఒక పిల్ల దిగారు. సూట్‌కేసులు నేను అందుకున్నాను. మిషను మా కొడుకు ప్రశాంత్ మోశాడు. సంచి మాత్రం పిల్ల ఎవరికీ ఇవ్వలేదు. తన ఎత్తుకు మించిన సంచిని గుమ్మంలోంచి అడ్డంగా తేబోయి తట్టుకుని, నిలువుగా తిప్పి, లోపలికి తెచ్చి మూలకు నిలబెట్టింది.

పిల్ల పేరు దీవెన. ఏడో తరగతి. అరుణజ్యోతి మొదటి భర్త ఎజ్రా కూతురు. ఎజ్రా జబ్బు చేసి పోయాడు. బతికి ఉన్నప్పుడు మొయినాబాద్ అవతల ఒక తోటలో, పట్నం నుంచి వచ్చేవాళ్లకు విలువిద్య నేర్పేవాడట. ఆ సంచిలో ఉన్నది అతని విల్లు.

మాది చిన్న మంగళారం. భూమి సగం ఫామ్‌హౌసుల వాళ్ల చేతికి పోయింది. మిగిలిన దాంట్లో బీర, టమాటా, చామంతి పెడతాను. ప్రశాంత్ చందనవెల్లి కంపెనీలకు మనుషులను మోసే బస్సు నడుపుతాడు. వాడి మొదటి పెళ్లి నిలవలేదు. నర్సు పని చేసే అరుణజ్యోతిని దవాఖానలోనే చూశాడు. ఇద్దరూ ఇష్టపడ్డారు, మేమూ సరేనన్నాం. చెప్పాల్సింది అంతే.

దీవెన నా భార్య నిర్మలమ్మతో తొందరగానే కలిసిపోయింది. "అవ్వా, నువ్వు జరుగు, నేను కట్టిస్త" అని చామంతి దండలు లాక్కునేది. ప్రశాంత్‌ను అంకుల్ అనేది, వాడు దానికే మురిసిపోయేవాడు. నన్ను మాత్రం ఏమీ పిలిచేది కాదు. తప్పనిసరైతే మీరు అనేది.

"మీరు చాయ్ తాగుతరా? అవ్వ అడగమన్నది."

మా ఇండ్లలో పిల్లలు తాతను నువ్వు అనే అంటారు. మీరు అనేది సర్పంచును, బ్యాంకు మేనేజరును. ఆ పిల్ల మర్యాదగా మీరు అన్నప్పుడల్లా నన్ను వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు ఉండేది. లోపలికి రమ్మన్నట్టు ఉండేది కాదు.

నాది మెల్లగా మాట్లాడే నోరు. చిన్నప్పటి నుంచీ అంతే. జవాబు పెదవుల దాకా వచ్చేసరికి అడిగిన మనిషి వెళ్లిపోయి ఉంటాడు. నేను "తాగుతా బిడ్డా" అనేసరికి దీవెన వంటింట్లోకి పోయి, "తాగరట అవ్వా" అని చెప్పేసేది. అట్లా నాకు ఎన్ని చాయ్‌లు పోయాయో.

ఒక సాయంత్రం ఆ పిల్ల ప్రశాంత్‌ను అడగడం విన్నాను.

"అంకుల్, విల్లుకు తాడు ఎక్కిస్తరా? నాకు బలం సాల్తలేదు."

"ఐతారం నాడు చేద్దాం బిడ్డా. రెండు షిఫ్టులు పడ్డయి."

ఐతారం కూడా వాడికి షిఫ్టు పడింది. పిల్ల మళ్లీ అడగలేదు. సంచి మీద దుమ్ము తుడిచి బడికి పోయింది. ఆ తుడవడం చూసి నా మనసు ఆగలేదు. తాడు ఎక్కించడం ఎంత పని? జీవితమంతా తాళ్లు పేనినవాణ్ణి, కట్టెలు వంచినవాణ్ణి. సాయంత్రం పిల్ల వచ్చేసరికి తాడు ఎక్కించి పెట్టాలనుకున్నాను.

సంచి విప్పాను. తేనెరంగు చెక్క, అరచేతికి ఇంపుగా ఉంది. అయితే దాని చివర్లు రెండూ వెనక్కి తిరగబడి ఉన్నాయి. ఇన్ని నెలలు మూలకు నిలబెట్టి ఉంచితే వంగిపోయిందనుకున్నాను. ముల్లుగర్ర వంగితే మేము నూనె రాసి, సెగకు చూపి, సాపు చేసుకుంటాం. ఇదీ కర్రే కదా అని పొయ్యి వైపు నడిచాను.

నిర్మలమ్మ గరిటె పట్టుకుని అడ్డం నిలబడింది.

"ఏందయ్యా గది?"

"వంకర పోయింది. జర సెగ చూపిస్త."

"పొయ్యి కాడికి తెచ్చినవంటే నీ సంగతి చెప్త. ఆ పిల్ల పానం దాంట్లనే ఉన్నది."

సెగ మానుకున్నాను. తాడు తీసుకుని, వంపు ఏ వైపు ఉందో ఆ వైపే ఇంకా వంచి ఎక్కించాను. సులువుగానే ఎక్కింది. కొడవలి లాగా నిండుగా వంగింది. గోడకు మేకు కొట్టి, పిల్ల గుమ్మంలోకి రాగానే కనిపించేట్టు తగిలించాను. నాకు నేనే మురిసిపోయి, ఒక బీడీ కూడా కాల్చాను.

దీవెన వచ్చింది. బడిసంచి దించకుండానే నిలబడిపోయింది.

"ఎవలు చేసిన్రు?"

"నేనే బిడ్డా" అన్నాను. ఈ మాట మాత్రం తొందరగానే వచ్చింది.

పిల్ల కుర్చీ ఎక్కి విల్లును దింపింది. తాడు ఊడదీయబోతే రాలేదు. నేను పోయి పట్టుకుంటే ఇద్దరం కలిసి తీశాం. విల్లు చప్పుడు చేస్తూ తన పాత వంపుకు వెళ్లిపోయింది. పిల్ల దాని చివర కంటి దగ్గర పెట్టుకుని, పొడుగునా చాలాసేపు చూసింది.

"దీన్ని ఎదురు మలిపి ఎక్కియ్యాలె. చివర్లు గట్లనే తిరిగి ఉంటయి. అది వంకర గాదు. గిట్ల ఉల్టా వంచితే పలుగుతది" అన్నది. కళ్లలో నీళ్లు నిండుతున్నా గొంతు పెంచలేదు. "మీకు తెల్వకపోతే ముట్టొద్దు గదండీ."

అండీ కూడా చేరింది. నిర్మలమ్మ నన్ను తిట్టిన తిట్లన్నీ కలిపినా అంత బరువు లేవు.

మరునాడు బడికి సెలవు. "దయానందం సార్ చూస్తే తెలుస్తది పలిగిందో లేదో" అన్నది పిల్ల. ఆయన ఎజ్రాతో కలిసి పని చేసిన మనిషి, ఇప్పుడు ఆ తోటలో విలుకాళ్ల మైదానం చూసుకుంటున్నాడు. అరుణజ్యోతికి డ్యూటీ. నేను తీసుకుపోతానన్నాను. పిల్ల వద్దనలేదు.

బస్సులో సంచి అడ్డం వచ్చి అందరూ విసుక్కున్నారు. కండక్టరు తొంగి చూసి, "ఏంది పెద్దమనిషీ, చేపలు పట్టనీకి పోతున్నవా?" అన్నాడు. దీవెన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నది. నవ్వుతున్నదేమో అని ఆశపడి అద్దంలో చూశాను. నవ్వడం లేదు.

దయానందం బట్టతల మనిషి, గట్టిగా మాట్లాడతాడు. విల్లును నిలువునా, అడ్డంగా చూశాడు. గోటితో అంచులు గీకాడు. పిల్ల ఊపిరి పట్టుకుని చూస్తున్నది. నేనూ అంతే.

"ఏం గాలె. బతికిపోయింది" అన్నాడు. తర్వాత నా దిక్కు చూసి నవ్వాడు. "ఉల్టా ఎక్కిచ్చినవా తాతా? పట్నపోల్లు వారానికి ఒగలు గిదే చేస్తరు. నువ్వేం కొత్త గాదు."

పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది.

పాత తాడు పోగులు లేచి ఉందని చూపించాడు. అది తెగితే విల్లు పోతుంది, కొట్టేవాడి ముఖమూ పగులుతుంది. దీవెన దాన్ని చుట్ట చుట్టి జేబులో పెట్టుకుని, కొత్తది కట్టమన్నది. అప్పుడు చూశాను అసలు పద్ధతి. రెండు చివర్లకు తోలు టోపీలు ఉండే ఒక తాడు ఉంది. టోపీలు విల్లు చివర్లకు తొడిగి, తాడును కాలి కింద తొక్కి, విల్లును పైకి లేపితే అది ఎదురు తిరిగి వంగుతుంది. అప్పుడు అసలు తాడును గాడిలోకి జరుపుతారు. వంగినాక కూడా చివర్లు కొంచెం ముందుకు చూస్తూనే ఉంటాయి. పడగెత్తిన పాములాగా ఉంది.

"పిడికిలి పట్టి బొటనవేలు నిలబెట్టుండ్రి" అన్నది దీవెన నాతో. పట్టాను. నా పిడికిలిని విల్లు పిడి మీద ఆనించింది. బొటనవేలు కొస తాడుకు తగలాలట. నాది తాడును దాటిపోయింది. తాడు ఊడదీసి కొంచెం మెలితిప్పితే పొట్టిదై విల్లు ఇంకొంచెం వంగి, తాడు దూరం జరుగుతుంది. ఆ కొలత రావడానికి దయానందం తీసి, తిప్పి, మళ్లీ ఎక్కించాడు.

"ఎవలు కొడతరు దీంతోని? నీకింక రెండు మూడేండ్లు కావాలె బిడ్డా" అన్నాడు.

దీవెన నేల చూసింది. "నేను కొట్టను సార్. సప్పుడు వినాలె. నాన్న కొడుతుంటే వెనుక కూసొని కండ్లు మూసుకునేదాన్ని. ఎవలన్న కొడితే సాలు."

నేను మాట్లాడాను. మామూలుగా కన్నా మెల్లగానే మాట్లాడాను కానీ పిల్ల ఎక్కడికీ పోలేదు.

"నేను... కొడతా. నువ్వు... నేర్పితే."

పిల్ల నా చేతులను చూసింది. ముఖం కాదు, చేతులు. "మీ కుడిభుజం మంచిగనే ఉన్నదా?" అన్నది.

ఆ విధంగా దీవెన నాకు పంతులమ్మ అయింది. బీర పందిరి అవతల మట్టిగట్టు ముందు వరిగడ్డి మోపులు బిగించి కట్టి, మధ్యలో పాత సంచిముక్క కుట్టాం. పొద్దున పూట, ఎండ రాకముందు అక్కడ నిలబడేవాళ్లం. సంచిలో ఎజ్రా బాణాలు ఉన్నాయి. పొడుగ్గా, సన్నగా, నల్లటి కాడ మీద ఎర్రని, తెల్లని పట్టీలు. తోకకు మూడేసి ఈకలు, అందులో ఒకటి వేరే రంగు. ఆ వేరే రంగుది విల్లుకు ఆనకుండా బయటికి ఉండాలి. నేను మొదటిరోజే దాన్ని లోపలికి పెట్టాను.

"అది ఇటు గాదండీ. గీసుకొని పోతది."

తాడు మీద బాణం ఎక్కడ పెట్టాలో గుర్తుగా, నిర్మలమ్మ పూలు కట్టే దారం తెచ్చి బిగించి చుట్టింది. నిర్మలమ్మ గట్టు మీద కూర్చుని చూసేది. ఆవిడకు ఇంత తమాషా ఎన్నడూ దొరకలేదు.

"నడుం ఎందుకట్ల ఎనుకకు పెట్టినవ్? పెండ్లిల ఫొటో దిగుతున్నవా?"

"నువ్వు... ఊకో" అనేవాణ్ణి.

"నువ్వు ఆ మాట అనేలోపు నేను కూర వండుకొస్త."

తాడు గుంజడం నాకు కష్టం కాలేదు. కానీ ఎజ్రా పొడగరి. నేను పొట్టి, పైగా కుడిభుజం పూర్తిగా వెనక్కి రాదు. వేళ్లు పెదవి మూలకు వచ్చేసరికి ఎజ్రా బాణం విల్లు ముందు ఇంకా జానెడు మిగిలి ఉండేది. వదిలితే ఎడమకు పోయేది. ఎంత సరిగ్గా నిలబడినా ఎడమకే. ఒకటి బీర పందిరిలో దూరి కాయను నిలువునా చీల్చింది.

"కూరకు కోసిపెట్టిండు పాపం" అన్నది నిర్మలమ్మ.

దీవెన నవ్వలేదు. "మోచేయి ఎత్తుండ్రి. నాన్న బాణాలు మంచియి. మీరే చెయ్యి కదుపుతున్నరు."

కదపడం లేదని నాకు తెలుసు. అయినా "అవును బిడ్డా" అన్నాను. పైగా తడబడుతూ పోయిన బాణం వల్ల తాడు చప్పుడు కూడా పగిలినట్టు వచ్చేది. పిల్ల నా వెనుక కూర్చుని కళ్లు మూసుకునేది. చప్పుడు కాగానే తెరిచేది. ఆ తెరిచినప్పుడు ముఖంలో ఉండేది చూడలేక నేను గడ్డిమోపు వైపు చూసేవాణ్ణి.

చివరకు నాకొక ఉపాయం తోచింది. ఎడమకు పోతున్నది కదా, నేనే కుడివైపు గురి పెడితే? మరునాడు మోపు కుడి అంచున ఉన్న గడ్డిపోచను చూసి వదిలాను. బాణం సంచిముక్క నడుమ దిగింది. దీవెన ఎగిరి గంతేసింది. రెండోదీ అక్కడే. మూడోదీ అక్కడే.

"చూసిన్రా! నేను చెప్పలే? నాన్న బాణాలు మంచియి!"

నిర్మలమ్మ కూడా చప్పట్లు కొట్టింది. నాకు సంతోషంగానూ ఉంది, దొంగతనం చేసినట్టూ ఉంది. నాలుగోది ఎక్కుపెట్టాను. పిల్ల ఎప్పుడు లేచి వచ్చిందో, సరిగ్గా నా వెనుక నిలబడి, నా భుజం మీదుగా బాణం కొస ఎటు చూస్తున్నదో చూసింది.

"ఆగు!"

ఆగాను. తాడును మెల్లగా ముందుకు పోనిచ్చాను.

"నువ్వు పక్కకు చూసి కొడుతున్నవ్! నడుమకు చూస్తనే లేవు! ఇందాక సంది నువ్వు నన్ను మోసం చేస్తున్నవ్!"

ముఖం ఎర్రబడింది. పాదం నేలకేసి కొట్టింది. నిర్మలమ్మ చప్పట్లు ఆపేసింది. నేను విల్లు పట్టుకుని అట్లనే నిలబడ్డాను. తిట్టు పడుతున్నందుకు సిగ్గుపడాలి. సిగ్గు కాలేదు. నువ్వు అన్నది. మూడుసార్లు అన్నట్టుంది, లెక్క పెట్టుకునే తెలివి కూడా లేకపోయింది నాకు.

"అది కాదు బిడ్డా... నీకు..."

వినలేదు. బాణాలు పీక్కుని ఇంట్లోకి పోయింది.

సాయంత్రం చాయ్ తనే తెచ్చింది. గ్లాసు నా పక్కన పెట్టి, "సారీ అండీ. పొద్దున గట్ల మాట్లాడొద్దుండె. మీరు నాకోసమే చేసిన్రని అవ్వ చెప్పింది" అన్నది. మళ్లీ నన్ను వాకిట్లో కుర్చీ మీద కూర్చోబెట్టింది. నిర్మలమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది నాకు. పిల్లకు మర్యాద నేర్పమని ఎవరడిగారు?

అయితే పిల్ల పోలేదు. అక్కడే కూర్చుని అరచేతిని గీక్కుంటూ అడిగింది.

"నిజం చెప్పుండ్రి. నడుమకు చూస్తే ఎటు పోతుండె?"

"ఎడమకు."

"ప్రతిసారా?"

"ప్రతిసారి."

"అట్లయితే బాణాలే మీకు సరిపోతలేవు" అన్నది. ఆ మాట చెప్పడానికి ఆ పిల్లకు నాకన్నా ఎక్కువ సమయం పట్టింది.

మళ్లీ దయానందం దగ్గరికి పోయాం. ఆయన ఎజ్రా బాణాన్ని రెండు మేకుల మీద అడ్డంగా పెట్టి, నడుమ ఒక బరువు వేలాడదీశాడు. బాణం కొంచెం కుంగింది. తన దగ్గరున్న ఇంకో రకం పెట్టాడు, అది ఎక్కువ కుంగింది.

"తాడు ఇడువంగనే బాణం చేపలెక్క వంగి, విల్లు పక్కకెల్లి తప్పుకొని పోవాలె. ఎజ్రా బారుగ గుంజేటోడు, బలం మస్తు పడుతుండె, గందుకు ఆయనకు గట్టి బాణం. తాత తక్కువ గుంజుతడు. ఆయన చేతికి ఆ బాణం వంగదు, ఎడమకు కొడుతది. జర మెత్తది కావాలె." తర్వాత దీవెనను చూసి గొంతు తగ్గించాడు. "ఇంకో తొవ్వ కూడ ఉన్నది. మీ నాన్న బాణాలకే ముంగటి ములికి మార్చి బరువుది ఏస్తే జర మెత్తగ నడుస్తయి. ఏం చేద్దామంటవ్?"

పిల్ల తండ్రి బాణాలను రెండు చేతులతో గుండెకు ఆనించుకున్నది. మార్చితే అవి నాకు పనికొస్తాయి, కానీ ఎజ్రావి కాకుండా పోతాయి. మార్చకపోతే తండ్రి విల్లు మీదికి వేరేవాడి బాణాలు ఎక్కుతాయి. ఏ వైపైనా ఏదో ఒకటి పోతుంది. నోరు విప్పే హక్కు నాకు లేదు.

"వీటిని ముట్టొద్దు సార్" అన్నది చివరికి. "వేరేయి చూపియ్యుండ్రి."

దయానందం కట్టలు కట్టలుగా తెచ్చి బల్ల మీద పరిచాడు. దీవెన గీతలు గీసిన సన్నని పుల్లను తాడుకు పెట్టి నన్ను గుంజమన్నది. విల్లు దగ్గర పుల్ల ఎక్కడికి వచ్చిందో గోటితో పట్టుకుని, దాని మీద రెండు వేళ్లు ఎక్కువ వేసుకుని కొలత చెప్పింది. ఆ కొలతకు ఈకలు లేని ఉత్త కాడలు కొన్ని పక్కన పెట్టించింది. ఈకలు ఉంటే తప్పును దాచిపెడతాయట. ఉత్త కాడ దాచదు. ఒక్కొక్కటి ఇచ్చి కొట్టమన్నది.

మొదటిది ఎడమకు. ఇంకో రకం ఇచ్చింది, అది కుడికి పోయింది. "గిది మరీ మెత్తగయింది" అన్నది తనలో తాను. మధ్యరకం ఇచ్చింది. అది నేను చూసిన చోటే దిగింది. నిటారుగా, తోక అటూ ఇటూ ఊగకుండా. మళ్లీ కొట్టమన్నది. మళ్లీ అక్కడే. వెనుక నిలబడి, నా గురి ఎటు ఉందో భుజం మీదుగా చూసుకుంటూనే ఉన్నది. నమ్మకం ఇంకా పూర్తిగా రాలేదన్నమాట.

ఆ రకంలోనే ఈకలు ఉన్నవి ఏరింది. ఊరికే ఏరలేదు. ఒక్కొక్క బాణాన్ని గోళ్ల మీద తిప్పి, వంకర ఉన్నదాన్ని పక్కన పెట్టింది. నిర్మలమ్మ సంతలో వంకాయలు ఏరినట్టే ఏరింది. పట్టీల రంగు ఏది కావాలని దయానందం అడిగితే నన్ను అడగకుండానే "పసుపు. చామంతి పసుపు" అన్నది.

అక్కడే మైదానంలో, విలుకాళ్లు నిలబడే గీత మీద నిలబడ్డాను. దీవెన తండ్రి బాణాలను గుడ్డసంచిలో పెట్టి, మూతి బిగించి కట్టి, నా వెనుక నేల మీద కూర్చుంది. కళ్లు మూసుకున్నది. నేను కొత్త బాణం పెట్టి, వేరే రంగు ఈక బయటికి ఉందో లేదో చూసుకుని, పెదవి మూల దాకా గుంజి వదిలాను.

చప్పుడు ఈసారి పగల్లేదు. చిన్నగా, నిండుగా, చెంబు మీద వేలితో మీటినట్టు వచ్చింది. బాణం ఎక్కడ దిగిందో నేను చూడలేదు. వెనక్కి తిరిగి పిల్లను చూశాను. ఇంకా కళ్లు తెరవలేదు.

"ఎట్లున్నది?" అన్నాను.

"నాన్నది గిట్ల లేకుండె" అన్నది కళ్లు మూసుకునే. "నాన్నది జర బరువుగ వస్తుండె."

ఇంతా చేసి తేలేకపోయాను కదా అనుకున్నాను. "మంచిగ... లేదా?"

దీవెన కళ్లు తెరిచింది. రెప్పలు తడిగా ఉన్నాయి. కానీ ఇంటి దగ్గర నా వెనుక కూర్చున్నప్పుడు ఉండే ఆ ముఖం కాదు.

"మంచిగనే ఉన్నది. నీది గిట్లుంటది" అన్నది. మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకుని మళ్లీ కళ్లు మూసుకున్నది. "ఊకె నన్నేం చూస్తున్నవ్? ఇంకోటి వెయ్యి."